మా అమ్మ ఊపిరి, ఆయన రీమిక్స్

పెళ్లయి భూపాలపల్లికి కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయనలో నాకు అర్థం కాని విషయం ఒకటే ఉండేది. ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చేవాడు, స్నానం చేసేవాడు, అన్నం తినేవాడు. తర్వాత ముందుగదిలో గోడకు వీపు ఆనించి కూర్చుని, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కళ్లు మూసుకునేవాడు. పాట వింటున్న మనిషి కనీసం కాలైనా ఆడిస్తాడు, పెదవైనా కదుపుతాడు. ఈయన రెండూ చేయడు. ఒక్కోసారి కనుబొమలు మాత్రం పైకి లేచి కిందికి దిగేవి, ఎవరో చెవిలో నమ్మలేని కబురు చెప్పినట్టు.

నాకు అది వింతగా ఉండేది, ఎందుకంటే నేను పాటల ఇంట్లో పుట్టాను. మాది డోర్నకల్. మా బాపు రైల్వేలో గార్డు. మా అమ్మ పెళ్లికి ముందు నుంచీ చర్చి క్వాయర్‌లో పాడుతోంది. ఆమెది ఆల్టో, అంటే అసలు రాగానికి కిందుగా నడిచే గొంతు. వంట చేసేటప్పుడు కూడా ఆ కింది వరసే పాడుకునేది. అందుకే చాలా కీర్తనలు నాకు ముందు అసలు రాగం లేకుండానే తెలుసు, చర్చికి వెళ్లాకే మిగతా సగం వినిపించేది. ఎట్లా ఉన్నా మా ఇంట్లో పాటంటే మాటలుండాలి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలియాలి.

ఏం పాటలు వింటున్నావని ఒకరోజు అడిగాను. పాటలు కావన్నాడు. మరేమిటంటే కాసేపు ఆలోచించి, మ్యూజిక్ అన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు పెట్టాడు.

మొదట రేకుల కప్పు మీద చినుకులు పడుతున్నట్టు వినిపించింది. తర్వాత ఎవరో చెంచాల డబ్బా పట్టుకుని లయగా ఊపుతున్నట్టు. ఆ లయ కుదురుకుంటోంది అనుకునేసరికి డబ్బా చేయిజారి మెట్ల మీద దొర్లింది. దొర్లడంలో కూడా ఏదో లెక్క ఉన్నట్టే ఉంది, కానీ పట్టుకోబోతే మారిపోతోంది. అన్నిటి కిందా, ఎక్కడో దూరంగా, దిగులుగా ఒక స్వరం సాగుతోంది. మనిషిదీ కాదు, హార్మోనియందీ కాదు. నేను హెడ్‌ఫోన్స్ తీసి వైరు వంచి చూశాను.

"వైరు లూజైనట్టుంది," అన్నాను.

"లూజు గాదు. గది గట్లనే ఉంటది," అన్నాడాయన.

దాని పేరు అడిగితే కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు, ఇంటెలిజెంట్ డాన్స్ మ్యూజిక్ అని. తెలివైన డాన్స్ సంగీతం. ఇందులో తెలివి ఎవరిది, వాయించేవాడిదా వినేవాడిదా అని అడిగాను. దీనికి డాన్స్ ఎట్లా చేస్తారని కూడా అడిగాను. ఆ పేరు చేసేవాళ్లలోనే చాలామందికి ఇష్టం ఉండదని, ఎవరో పెట్టారని, అట్లాగే ఉండిపోయిందని చెప్పాడు. డాన్స్ మాట మాత్రం చెప్పలేదు. వీటిని చేసేవాళ్లను ప్రొడ్యూసర్లు అంటారట. సినిమాలకు డబ్బు పెట్టేవాళ్లు కాదు, ఒక్కరే గదిలో కూర్చుని కంప్యూటర్‌లో ఒక్కో చప్పుడూ తయారుచేసేవాళ్లు. వరంగల్‌లో పాలిటెక్నిక్ చదివేటప్పుడు హాస్టల్‌లో తోటివాడు వినిపించాడట. ఆ తోటివాడు తర్వాత దాన్ని వదిలేశాడు, ఈయనకు అంటుకుంది. ఖాళీ దొరికితే తను కూడా ల్యాప్‌టాప్‌లో అలాంటివి చేస్తాడని అప్పుడే తెలిసింది.

నేను మొగుళ్లపల్లి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. అర్థం కానిదాన్ని లెక్కపెట్టడం నా అలవాటు. వేళ్లతో దెబ్బలు లెక్కపెట్టి చూశాను. ఐదు అనుకుంటే ఏడయ్యేది, ఏడు అనుకుని సిద్ధమైతే ఎనిమిదో దెబ్బ సగంలో వచ్చేది. చివరకు నాకొక సిద్ధాంతం తోచింది. రోజంతా భూమి లోపల మోటర్లు, ఫ్యాన్లు, బొగ్గు మోసే బెల్టుల మధ్య ఉంటాడు కదా, ఆ మోతే చెవులకు అలవాటై అదే సంగీతంలా వినిపిస్తోందేమో. ఈ మాట చెప్పినప్పుడు నేనేదో కనిపెట్టినదాన్నని లోలోపల సంబరపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గనికి దీనికి ఏం సంబంధం లేదు. గనిల మోత మోతే. గది నాకు నచ్చదు."

దాంతో నాకున్న ఒక్క దారీ మూసుకుపోయింది.

ఆ ఏడాది ఎండాకాలంలో తరిగొప్పులలో పెళ్లి. మా ఆయన అక్కను అక్కడే ఇచ్చారు, ఆమె మరిది పెళ్లి అది. పొద్దు ఉండగానే బరాత్ తీయాలని అనుకున్నారు. డీజే బండి వచ్చింది. ట్రాలీ మీద మనిషెత్తు స్పీకర్లు, చుట్టూ రంగుల బల్బులు, వెనక జనరేటర్. కానీ పాటలు నడిపే అతనికి వడదెబ్బ తగిలి పక్కింటి వసారాలో పడుకోబెట్టారు. ఎవరు కూర్చోవాలి ఇప్పుడు అని అనుకుంటుండగా మా ఆయన బావకు ఈయన గుర్తొచ్చాడు. ఎప్పుడూ కంప్యూటర్‌లో పాటలు చేస్తుంటాడట కదా, మనింట్లోనే డీజే ఉండగా బయటివాళ్లెందుకు అన్నాడు. తను చేసేది వేరని ఈయన చెప్పబోయాడు. డీజేల్లో వేరేముంటుందని అందరూ కలిసి బండి ఎక్కించారు.

మొదటి గంట బాగా గడిచింది. బండి మీది ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ జానపద పాటల రీమిక్స్‌లు, తీన్మార్ దెబ్బలు. ఈయన ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎంత నున్నగా తీసుకెళ్లాడంటే డాన్స్ చేసేవాళ్లకు ఆగే సందే దొరకలేదు. మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని గుంపులోకి లాగింది, నేనూ నాలుగు అడుగులు వేశాను. బండి మీద ఆయన ముఖం వెలిగిపోతోంది. బహుశా ఆ వెలుగే తప్పు చేయించింది. జనం తన చేతిలో ఉన్నారని అనిపించి ఉంటుంది. జేబులోంచి ఫోన్ తీసి వైరు తగిలించి, తను చేసినదొకటి నెమ్మదిగా పాట కిందికి దింపాడు.

తీన్మార్ దెబ్బ ఉండగానే దాని చుట్టూ ఇంకేవో దెబ్బలు చేరాయి. కొంతసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత అసలు దెబ్బ కరిగిపోయింది. లేచిన కాళ్లు ఎక్కడ దిగాలో తెలియక ఆగిపోయాయి. గుంపు మొత్తం చేతులు గాల్లో ఉండగానే నిలబడి బండివైపు చూసింది. ఇద్దరు పిల్లలు ఎక్కి స్పీకర్ వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టారు. కారులోంచి పెళ్లికొడుకు తల బయటపెట్టాడు. నేను మాత్రం గుంపు మధ్యలో నిలబడి, ఆ దెబ్బల కింద మెల్లగా పాకుతున్న స్వరాన్ని గుర్తుపట్టాను. మా ముందుగదిలో ఎన్నో మధ్యాహ్నాలు ఆయన చెవుల పక్కనుంచి సన్నగా కారిన స్వరమే అది.

బావ బండి దగ్గరికి వచ్చి కోపం లేకుండానే అడిగాడు.

"ఖరాబైందా బామ్మర్ది?"

మా ఆయన ఒక్క క్షణం ఆయనవైపు చూసి, "ఔ బావా, ఖరాబైంది," అని ఫోన్ వైరు పీకేశాడు. మళ్లీ పాత పాట అందుకుంది, మళ్లీ అందరూ ఎగిరారు.

ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదలలేదు. తను చేసినదాన్ని తనే చెడిపోయిందని ఎలా అనగలిగాడు? తిరిగొచ్చే దారిలో జనగామలో బస్సు మారేటప్పుడు అడిగాను. వాళ్ల పెళ్లి, వాళ్ల సంతోషం, అక్కడ తనది వేయడం తప్పు అన్నాడు. అది సరే, చెడిపోయిందని ఎందుకన్నావని మళ్లీ అడిగాను. ఏమో, నోటికి అదే వచ్చింది అన్నాడు. బాధపడ్డాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. నాకు మాత్రం బాధేసింది. నాకే అర్థం కానిదాని తరఫున నేనెందుకు బాధపడాలో తెలియలేదు.

బహుశా అందుకే వినడం మొదలుపెట్టాను. ఆయన నా ఫోన్‌లో కొన్ని మిక్స్‌లు వేసి ఇచ్చాడు. ఎవరో డీజేలు పది పదిహేను మంది ప్రొడ్యూసర్లు చేసినవాటిని ఒకదానికొకటి అతికించి గంటకు పైగా నడిపించేవి. ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోవడం నా పని అనుకున్నాను. బడికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినేదాన్ని. ఇప్పుడు వింటున్నది ఇందాక విన్నది కాదని తెలిసేది, కానీ ఎప్పుడు మారిందో తెలిసేది కాదు. ఒకరోజు, ఇది అయిపోగానే లేద్దాం అనుకుంటూ కూర్చున్నాను. అది అయిపోలేదు. తల ఎత్తి చూసేసరికి మొగుళ్లపల్లి వెనక్కి వెళ్లిపోయింది. పత్తి చేల మధ్య దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి బడికి చేరాను. ఎందుకు ఆలస్యమైందని హెడ్మాస్టర్ అడిగితే బస్సు లేటని చెప్పాను. పాట అయిపోలేదు సార్ అంటే ఏమనుకునేవాడో.

నచ్చుతోందా అని ఆయన అడిగేవాడు. తెలియదనే చెప్పేదాన్ని. అది నిజం. కొన్ని విన్నాక తల బరువెక్కేది. కొన్ని విన్నాక, ఏమీ జరగకపోయినా, ఎవరో దగ్గరివాళ్లు ఊరెళ్లిపోయినట్టుండేది. నచ్చడమంటే ఇదేనా అని అడిగితే ఆయన కూడా గట్టిగా చెప్పలేకపోయాడు.

వానాకాలం చివర్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక చూసుకోవడానికి డోర్నకల్ నుంచి అమ్మ వచ్చింది. నేను మంచం మీద, అమ్మ వంటింట్లో. గంజి కాస్తూ, బట్టలు ఆరేస్తూ అదే కింది వరస పాడుకుంటూ ఉండేది. షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన ఒకటి రెండు రోజులు హెడ్‌ఫోన్స్ ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని అమ్మ పాట వింటూ కూర్చున్నాడు. మూడో రోజో నాలుగో రోజో, రికార్డు చేసుకోవచ్చా అని అడిగాడు. అమ్మ సంతోషించింది. చర్చి వాళ్ల గ్రూపులో పెడతాడనుకుంది. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కీర్తన మొదటి నుంచి చివరి దాకా పాడింది. గొంతుకు చీరతో పనేముందని నేను నవ్వితే, పాట పాట లెక్క పాడాలని నన్నే మందలించింది.

దాన్ని పట్టుకుని ఆయన చాలా రోజులు కూర్చున్నాడు. నేను లేచి తిరుగుతున్న సమయానికి పూర్తయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, చిన్న స్పీకర్ పెట్టి మా ఇద్దరికీ వినిపించాడు.

ముందు ఒక ఊపిరి. లోపలికి తీసుకున్న ఊపిరి. అది మళ్లీ వచ్చింది, కొంచెం పొట్టిగా. మళ్లీ, రెండు కలిసి. చూస్తుండగానే అవన్నీ అలల్లా లేచి పడే ఒక లయ అయ్యాయి. దాని కింద సన్నని గంటల్లాంటి చప్పుళ్లు. ఎక్కడో ఒకచోట అమ్మ గొంతులోంచి ఒకే ఒక అక్షరం తొంగిచూసి, ముక్కలై పోయింది. నాకు ఒళ్లు జలదరించింది. బాగుందో బాగాలేదో అనుకునే తీరిక కూడా లేదు. అయిపోయాక అమ్మ వైపు చూశాను. ఆమె స్పీకర్ వైపే చూస్తోంది.

"పాట ఏది బిడ్డా?" అంది.

మా ఆయన వివరించబోయాడు. పాటలో మాటలకు మధ్య అమ్మ తీసుకున్న ఊపిర్లు ఒకదానిలా ఒకటి లేవని, ఒక్కోటి ముందు రాబోయే మాటకు తగ్గట్టు ఉందని, అది తనకు చాలా అందంగా వినిపించిందని చెప్పాడు. అమ్మ అంతా విని మెల్లగా అంది.

"చిన్నప్పటి సంది మా క్వాయర్ సారు మమ్ముల తిట్టింది ఊపిరి కోసమే అయ్యా. ఇనపడద్దు, ఇనపడద్దని. గింతకాలం దాసుకుంట పాడిన. నువ్వు పాటంతా పడేసి గదే ఉంచినవా?"

అమ్మ కళ్లలో నీళ్లు లేవు, కోపం కూడా లేదు. చీర కట్టుకోకుండా వీధిలోకి వచ్చిన మనిషిలా ముడుచుకుని కూర్చుంది. జర తీసెయ్యి అంది చివరకు. ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ఆమె చూస్తుండగానే దాన్ని తుడిచేశాడు.

ఆ సాయంత్రమంతా నేను ఇద్దరితోనూ సరిగా మాట్లాడలేదు. అలా అడిగినందుకు అమ్మ మీద కోపం. బావ ముందు చెడిపోయిందని ఒప్పుకున్నట్టే ఒక్క మాట వాదించకుండా చెరిపేసినందుకు ఆయన మీద కోపం. ఒక్కసారి విన్న దాని కోసం ఇంత కోపమెందుకో, అది నాకు నచ్చిందనే కదా అర్థమని, గిన్నెలు తోముతూ నిలబడి ఆలోచించాను. అమ్మ వైపు నుంచి ఆలోచిస్తే అమ్మదే న్యాయం. ఆయన వైపు నుంచి ఆలోచిస్తే ఆయనదీ తప్పు కాదు. ఎటూ తేలలేదు.

అమ్మ డోర్నకల్ వెళ్లిపోయింది. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, బాపు మోకాలి నొప్పి గురించి, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు గురించి చెప్పింది. చెప్పీ చెప్పీ, ఆగి, అల్లుడు ఆ రోజు చేసినదేదో అది ఉందా అని అడిగింది. లేదమ్మా, నీ ముందే తుడిచేశాడు కదా అన్నాను.

"ప్రాక్టీసుల నిలబడితే నాకిప్పుడు అందరి ఊపిర్లే ఇనపడుతున్నయి," అంది. "పక్కన పాడేటామె ఎంత గట్టిగ తీస్తదో గిన్నేండ్ల నుంచి నాకు తెల్వనే తెల్వదు. పరేషానైతుంది బిడ్డా. పాట మీద మనసు నిల్వదు."

ఇది ఫిర్యాదో, ఇంకేదో నాకు అర్థం కాలేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన కంగారుపడి అమ్మకు ఫోన్ చేసి క్షమించమన్నాడు. అమ్మ ఆ మాట పక్కన పెట్టి, మళ్లీ చేయగలవా అని అడిగిందట. మొదటి రికార్డింగ్ ఇంకా ఉంది, కానీ అదే మళ్లీ రాదు, ఇంకోటి వస్తుందని ఈయన చెప్పాడు. ఇంకోటే చెయ్యి, కానీ నేను పక్కనుండాలి అందట అమ్మ.

క్రిస్మస్ సెలవులకు డోర్నకల్ వెళ్లినప్పుడు చేశారు. మా ఇంటి ముందుగదిలో, రైళ్లు పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు అదురుతుంటే, అత్తా అల్లుడూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. అమ్మ అక్కడ కట్ చెయ్యి అనేది, ఈయన చేసేవాడు. ఇక్కడ వద్దు, మాట చచ్చిపోతోంది అనేది, ఈయన వెనక్కి జరిపేవాడు. పాటలో ఒక పూర్తి వరస ఉండాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. ఒప్పుకున్నాడు, కానీ ఆ వరస చుట్టూ ఏం పెట్టాలన్నది తన ఇష్టమన్నాడు. దీని మీద ఇద్దరికీ చిన్న వాదన కూడా జరిగింది. ఆయన తన పని కోసం వాదించడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. బాపు పేపర్ వెనక నుంచి, ఇంతకూ ఎవరు పాడుతున్నారని అడిగాడు.

పూర్తయ్యాక అమ్మ రెండుసార్లు విన్నది. బాగుందా అంటే, బాగలేదు, కానీ తుడవొద్దు అంది.

ఆయన దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇలాంటివి వినేవాళ్లు, చేసేవాళ్లు ఒకరి పని ఒకరు పంచుకునే చోటు ఒకటుందట. విన్నవాళ్లు తక్కువే. కొన్ని నెలలకు ఏదో దూరదేశం నుంచి మనకు తెలియని మనిషొకరు రాశారు. దీన్ని రీమిక్స్ చేస్తానని అడిగారు. ఆయన అమ్మను అడిగాడు. ముక్కలైనదాన్ని మళ్లీ ముక్కలు చేస్తే ఏం మిగులుతుందని అమ్మ అడిగింది. తెలియదన్నాడు. అయితే చేయనిమ్మంది.

ఆ రీమిక్స్ వచ్చేసరికి అమ్మ మా దగ్గరే ఉంది. ముగ్గురం భూపాలపల్లిలో మా ముందుగదిలో కూర్చుని విన్నాం. అందులో కీర్తన లేదు. అమ్మ పట్టుబట్టి ఉంచిన వరస లేదు. ఊపిరి కూడా ఊపిరిలా లేదు. నీళ్లలో మునిగిన గంటల్లాంటి చప్పుళ్లు, వాటి మధ్య ఏదో గీసుకుపోతున్నట్టు ఒక గరగర, ఆగీ ఆగీ ఒక దెబ్బ. మళ్లీ పెట్టమంది అమ్మ. రెండోసారి వింటూ వేలు ఎత్తి, "గిది నేనే," అంది. కాదు, అది ఆ మనిషి పెట్టింది, మీరు ఇదిగో ఇక్కడ ఉన్నారని మా ఆయన ఇంకోచోట ఆపి చూపించాడు. నాకు ఆ రెండు చోట్లా అమ్మ వినిపించలేదు. ఇంకొంచెం ముందు, గరగర మొదలయ్యే చోట ఉందని నాకు అనిపించింది. ఆ మాటే చెప్పాను. ఇద్దరూ ఒప్పుకోలేదు. అమ్మ కుర్చీ స్పీకర్ దగ్గరికి జరుపుకుని, మొదటి నుంచి పెట్టమంది.